సైక్లోన్‌కు పేరు పెట్టిన పిడింగ్టన్ దొర

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి పంపవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. ప్రకాశం పంతులు గారిని గురించీ, కాటన్ దొరను గురించీ నాకన్న బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. అందుచేత నేను ఇంకొక దొరను ఎంచుకున్నాను. ఈయన పేరు మనలో చాలామంది విని ఉండకపోవచ్చు గాని, ఈయన పుట్టించిన మాటను మాత్రం సర్వీసులో వేలసార్లు రాసి ఉంటాము. సైక్లోన్ వార్నింగ్, సైక్లోన్ రిలీఫ్, సైక్లోన్ షెల్టరు అంటూ కోస్తా జిల్లాల్లో పనిచేసిన ఏ గుమాస్తా చేతి కిందనుంచి ఆ మాట పోలేదు? ఆ మాటను తయారు చేసినవాడు హెన్రీ పిడింగ్టన్. గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజుల్లోనే, ఈయన కలకత్తాలో బల్ల ముందు కూర్చుని బంగాళాఖాతం తుఫానులకు లెక్కలు కడుతూ ఉండేవాడు.

పిడింగ్టన్ 1797 జనవరిలో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో ఉక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే వర్తకపు ఓడల్లో పనికి చేరి, ఇండియాకూ చైనాకూ తిరిగే ఓడకు కెప్టెను అయ్యాడు. ఆ తరువాత సముద్రపు ఉద్యోగం మానుకుని బెంగాలులో స్థిరపడ్డాడు. నడివయస్సులో గట్టున పడ్డ నావికుడు ఏం చేస్తాడు? ఈయన చేయని పని లేదు. మన దేశపు మొక్కల పేర్లన్నిటికీ సూచిక తయారు చేసి 1832లో అచ్చు వేయించాడు. నేలల్లోని సారం పరీక్షించాడు, ఖనిజాలు పరీక్షించాడు. ఆసియాటిక్ సొసైటీ పనుల్లో తలదూర్చాడు. కలకత్తాలో ఖనిజ సంపదను గురించిన మ్యూజియంకు క్యూరేటరు అయ్యాడు. వీటితోపాటు, ఓడలు మునిగినప్పుడు విచారణ జరిపే మెరైన్ కోర్టులకు అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు.

నా దృష్టిలో ఈ చివరి ఉద్యోగమే ఆయన జీవితానికి అసలు మలుపు. మునిగిన ఓడలో బతికి బయటపడ్డవాళ్ళు ఆయన ఎదుట నిలబడి చెప్పుకునేవారు. గాలి ఎటునుంచి వచ్చింది, ఎప్పుడు మళ్ళింది, భారమితి ఎంత దిగింది, కెప్టెను ఏ దిక్కుకు ఓడను తిప్పాడు అన్నవి ఆయన అడగక తప్పని ప్రశ్నలు. విచారణ ముగియగానే తీర్పు రాసి ఫైలు కట్టివేయవచ్చు. ఈయన అలా చేయలేదు. ఆ కాగితాల్లో అన్నీ ఒకే రకం కథ ఏదో దాగి ఉన్నదని పట్టుకున్నాడు.

ఇక్కడ న్యాయంగా ఇద్దరిని తలచుకోవాలి. మొదటివాడు అమెరికాలోని రెడ్‌ఫీల్డ్. 1821 సెప్టెంబరులో కనెక్టికట్ ప్రాంతంలో పెద్ద గాలివాన వచ్చిన తరువాత ఆయన ఆ దారిన ప్రయాణం చేస్తూ, ఒకచోట చెట్లన్నీ వాయవ్యానికి తలలు పెట్టి పడి ఉండడం, కొంత దూరం పోయాక అదే గాలికి పడ్డ చెట్లు సరిగ్గా ఎదురు దిక్కుకు పడి ఉండడం చూశాడు. ఒకే గాలి రెండు దిక్కులకు ఎలా తోస్తుంది? గాలి గుండ్రంగా తిరుగుతూ ముందుకు నడిస్తే తప్ప అది సాధ్యం కాదని ఆయన 1831లో అచ్చు వేశాడు. రెండవవాడు సైన్యంలో ఇంజనీరుగా ఉన్న విలియం రీడ్. 1831లో బార్బడోస్ దీవి తుఫానుకు నేలమట్టమైనప్పుడు అక్కడికి పంపబడ్డ ఆయన, ఓడల లాగ్ బుక్కులు సేకరించి 1838లో తుఫానుల నియమాన్ని గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ పుస్తకం కలకత్తా చేరింది. మరుసటి ఏడు, 1839 జూన్ 3, 4, 5 తేదీల్లో బంగాళాఖాతంలో తుఫాను వచ్చింది. పిడింగ్టన్ దాన్ని పట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు 42 ఏళ్ళు. ఆ తుఫాను మీద రాసిన వ్యాసం ఆసియాటిక్ సొసైటీ పత్రికలో మొదటిది. ఆ తరువాత అదే వరుసలో ఇరవైకి పైగా వ్యాసాలు వచ్చాయి.

ఆయన పని ఎలా చేసేవాడో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అది మన పని. దుర్భిణీ లేదు, ప్రయోగశాల లేదు. ఉన్నవల్లా కాగితాలు. తుఫాను పోయిన తరువాత వారాలకో నెలలకో ఓడలు రేవు చేరేవి. ఒక్కొక్క కెప్టెనునూ అడిగి లాగ్ బుక్కు తెప్పించుకోవడం, కావలసినంత ఎత్తి రాసుకోవడం, ఇంకొక ఓడ లాగ్‌తో సరిచూడడం. చెప్పడానికి తేలిక. ఆ రోజుల్లో చాలా ఓడల్లో రోజు అర్ధరాత్రితో కాక మధ్యాహ్నంతో మారేది. కనుక ఒక ఓడలో 4వ తేదీ అని రాసినది గట్టు మీద 3వ తేదీ సాయంత్రం అయి ఉండవచ్చు. మబ్బు పట్టి సూర్యుడు కనిపించని రోజుల్లో ఓడ ఎక్కడ ఉన్నదో అంచనాయే తప్ప ఖాయంగా తెలియదు. ఒక ఓడ భారమితికీ ఇంకొక ఓడ భారమితికీ పొంతన ఉండేది కాదు. మూడు రిజిస్టర్లలో మూడు రకాలుగా ఉన్న శిస్తు బకాయిని జమాబందీ నాటికి సరిచేసిన అనుభవం ఉన్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటినీ ఒకే కాలానికి తెచ్చి, ఒక్కొక్క ఓడ ఉన్న చోట గాలి దిక్కుకు ఒక బాణం గుర్తు పెట్టేవాడు. బాణాలన్నీ ఒక చుట్టుగా అమరితే దాని నడుమ తుఫాను కేంద్రం. మరుసటి రోజుకు అలాగే మరొక పటం. రెండు కేంద్రాలనూ కలిపితే తుఫాను నడిచిన దారి. పెద్ద తుఫాను అయితే ఈ పని సాగుతుంది. చిక్కల్లా తుఫాను ఇంకా తుఫాను కానప్పుడు.

ఈ చిక్కు ఈనాటికీ పూర్తిగా తీరలేదు. మనం రేడియోలో, టీవీలో వింటూనే ఉంటాము. దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది, అది బలపడి వాయుగుండం కావచ్చు అంటారు. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను అని మన వాతావరణ శాఖ లెక్క. కొన్ని అల్పపీడనాలు దక్షిణ చైనా సముద్రంలో పుట్టి, థాయిలాండు, బర్మా నేలల మీదుగా సగం చచ్చి మన సముద్రంలోకి దిగుతాయి. అప్పుడు చూస్తే అక్కడొక మబ్బు ముద్ద, ఇక్కడొక మబ్బు ముద్ద. నడుమ ఏది అన్నదే తేలదు. కింద సముద్రం తగినంత వెచ్చగా ఉండి, పై గాలికీ కింది గాలికీ తేడా తక్కువగా ఉంటే ఆ ముద్దలు కూడుకుని చుట్టు తిరగడం మొదలవుతుంది. పై గాలి జోరుగా ఉంటే మబ్బు తల ఒకవైపుకు ఎగిరిపోయి, రెండు రోజుల వానతో సరిపోతుంది. 2014లో ఇలాగే అండమాన్ వైపు అల్పపీడనంగా మొదలైన హుద్‌హుద్, వారం తిరగకుండా అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఏం చేసిందో చూశాము. దానికి ముందూ వెనుకా ఎన్ని అల్పపీడనాలు చప్పుడు లేకుండా చల్లబడ్డాయో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఇప్పుడు ఆకాశం నుంచి ఉపగ్రహం చూస్తూ ఉంటుంది, మచిలీపట్నంలోనూ విశాఖలోనూ రాడార్లు ఉన్నాయి. అయినా, పుట్టీ పుట్టని దాని కేంద్రం ఎక్కడ అంటే అధికారులు కావచ్చు అనే మాటనే వాడవలసి వస్తుంది. ఆ మాట విని మనవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను.

పిడింగ్టన్‌కు ఇవేవీ లేవు. పుట్టేచోట ఒకటి రెండు ఓడలకు మించి ఉండవు. ఒక ఓడ ఒక్కటే అయితే గాలి దిక్కు మాత్రమే తెలుస్తుంది గాని చుట్టు తెలియదు. అందుచేత ఆయన గీసిన తుఫాను దారికి మొదలు సాధారణంగా మొదటి లాగ్ బుక్కు దొరికిన చోటే. ఓడ లేనంత మాత్రాన అక్కడ తుఫాను లేదని కాదు గదా. ఇది పెద్ద లోటే. ఇంత లోటుతో కూడా బంగాళాఖాతపు తుఫానులు ఎక్కువగా పడమరకూ ఉత్తరానికీ నడుమ దిక్కుల్లో నడుస్తాయనీ, వాటికి రుతువులు ఉన్నాయనీ పటాల మీద చూపగలిగాడంటే మెచ్చుకోవాలి.

ఆయన రెండవ వ్యాసమే మన ఊరి కథ. 1839 నవంబరులో కోరింగ మీద పడ్డ తుఫాను. కోరింగ అంటే కాకినాడకూ యానానికీ నడుమ, తాళ్ళరేవు దగ్గర, నేడు మడ అడవులు చూడడానికి పిల్లలను తీసుకుపోతున్న చోటు. ఆ కాలంలో అది పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, పాడైన ఓడలు బాగుచేసేవారు. అక్కడ ఓడలెక్కి బర్మా పోయిన మనవాళ్ళందరినీ, ఏ జిల్లావాళ్ళైనా సరే, రంగూనులో కోరంగీలు అని పిలిచేవారంటే ఆ రేవు ప్రసిద్ధి ఎంతో ఊహించుకోవచ్చు. 1839 దెబ్బకు మూడు లక్షల మంది పోయారని ఇప్పుడు పత్రికల్లో అచ్చు వేస్తూ ఉంటారు. ఆనాటి ఆ తీరపు జనాభాను తలచుకుంటే ఆ లెక్క నాకు నమ్మబుద్ధి కాదు.

అంతకు 50 ఏళ్ళ ముందు, 1789 డిసెంబరులో, అదే కోరింగ మీద పడిన ఉప్పెనను కూడా పిడింగ్టన్ తన పుస్తకంలో ఎక్కించాడు. సముద్రం మూడు అలలుగా వచ్చిందట. మొదటి అల రేవులోని ఓడలను ఊరి మీదికి తోసింది. రెండవది లోపలి పల్లం అంతా ముంచింది. మూడవది మిగిలినదాన్ని ఊడ్చివేసింది. ఇరవై వేల మంది పోయారని ఆయన పుస్తకంలో లెక్క. నీరు తీసిన తరువాత ఇసుకా బురదా మేటలు వేసి, శవాలనూ సొత్తునూ వెతకడానికి కూడా వీలు లేకపోయింది. తుఫానులో మనుషులను చంపేది ముఖ్యంగా గాలి కాదనీ, గాలి తోసుకువచ్చే నీరనీ ఆయనకు గట్టిగా నాటుకున్నది ఇలాంటి వృత్తాంతాలతోనే అని నా అభిప్రాయం. ఆ నీటికి ఇంగ్లీషులో రెండు మాటలు కలిపి తుఫాను అల అని పేరు పెట్టుకున్నాడు. మన తీరపు జాలరులకు అది ఎప్పటినుంచో ఉప్పెన.

ఇక ఓడల కథలు. 1844 నవంబరులో బ్రిటన్ అనే ఓడ ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచీ, రన్నీమీడ్ అనే ఓడ ఇంగ్లండు నుంచీ, సైనికులనూ వారి భార్యాబిడ్డలనూ ఎక్కించుకుని కలకత్తా వస్తున్నాయి. అండమాన్ దగ్గర రెండూ ఒకే తుఫానులో చిక్కుకున్నాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రాత్రి ఉప్పెన రెండింటినీ ఎత్తి గట్టు దాటించి చెట్ల నడుమ కూర్చోబెట్టింది. తెల్లవారి చూసుకుంటే పక్కపక్కనే మరొక ఓడ! దాదాపు అందరూ బతికి బయటపడ్డారు. సాయం వచ్చేవరకు వారాల తరబడి ఆ దీవిలోనే ఉన్నారు. వాటి కాగితాలన్నీ పిడింగ్టన్ చేతికి వచ్చాయి.

మరుసటి ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే చిన్న ఓడ ఇంకా చిత్రం చేసింది. తుఫాను పట్టుకోగానే కెప్టెను గాలికి వీపు చూపి ఓడను పరుగెత్తించాడు. అది ఆ రోజుల్లో సామాన్యంగా చేసే పనే. పరుగెత్తిన కొద్దీ గాలి దిక్కు మారుతూ ఉన్నది, ఓడా దిక్కు మార్చుకుంటూ ఉన్నది. ఇలా ఐదు రోజులు! వెయ్యి మైళ్ళకు పైగా పరుగెత్తి, లెక్క చూసుకుంటే బయలుదేరిన చోటికి ఎంతో దూరంలో లేదు. పిడింగ్టన్ ఆ లాగ్ బుక్కును పటం మీద గీస్తే ఓడ తుఫాను కేంద్రం చుట్టూ ఐదు సార్లు తిరిగినట్టు తేలింది. భూమధ్యరేఖకు దక్షిణాన తుఫాను గాలి గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది కనుక ఓడ చేసినది అచ్చంగా ఐదు ప్రదక్షిణలు. మన వైపు తుఫాను అప్రదక్షిణంగా తిరుగుతుంది. గాలి గుండ్రంగా తిరుగుతుందా అని వాదించే పండితులకు ఈ ఒక్క ఓడ చాలు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

తుఫాను, గాలివాన, హరికేన్, టైఫూన్ అని ఒక్కొక్క సముద్రంలో ఒక్కొక్క పేరు. కొన్ని పేర్లు గాలి జోరు చెబుతాయి, తిరుగుడు చెప్పవు. తిరిగే గాలికంతటికీ ఒకే మాట కావాలని ఆయన గ్రీకు భాషలోకి పోయి, చక్రమనీ పాము చుట్ట అనీ అర్థం వచ్చే మాట నుంచి సైక్లోన్ అని చేశాడు. 1848లో వెలువరించిన నావికుల తుఫాను వాచకంలో ఆ మాట పెట్టాడు. అది పండితుల కోసం రాసిన పుస్తకం కాదు. ఇంగ్లండులో పిల్లలకు అక్షరాలు నేర్పే పలకకు కొమ్ము రేకు తొడిగి కొమ్ము పుస్తకం అనేవారు. ఆ పేరునే తన పుస్తకానికి పెట్టి, నిజంగానే లోపల రెండు పల్చటి కొమ్ము రేకులు పెట్టించాడు. ఒకటి ఉత్తర సముద్రాలకు, ఒకటి దక్షిణ సముద్రాలకు. రేకు మీద వలయాలూ, గాలి బాణాలూ గీసి ఉంటాయి. రేకులోంచి కింద ఉన్న సముద్రపు పటం కనిపిస్తుంది. గాలి దిక్కు చూసి రేకును పటం మీద జరుపుకుంటే కేంద్రం ఏ వైపున ఉన్నదో, ఎటు తప్పుకోవాలో చదువు రాని సరంగుకు కూడా తెలుస్తుంది. అది చాలదని 1852లో సామాన్య నావికుల కోసం సంభాషణల రూపంలో మరొక పుస్తకం రాశాడు.

ఆ రేకు చెప్పే సూత్రం మన తీరంలో ఉన్నవారికి ఈనాటికీ పనికివస్తుంది. గాలికి ఎదురుగా నిలబడి కుడి చెయ్యి చాపితే తుఫాను కేంద్రం ఆ చేతి వైపున ఉంటుంది. ఈశాన్యపు గాలి వీస్తూ ఉంటే కేంద్రం ఆగ్నేయంలో ఉన్నట్టు. ఆ తరువాత గాలి ఉత్తరం మీదుగా వాయవ్యానికి మళ్ళితే తుఫాను మనకు ఉత్తరంగా గట్టెక్కుతున్నది. అలాకాక తూర్పు మీదుగా ఆగ్నేయానికి మళ్ళితే మనకు దక్షిణంగా గట్టెక్కుతున్నది. సముద్రపు గాలి నేరుగా మన మీదికే. ఉప్పెన భయం ఎక్కువ అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమకు జరిగినది అదే. తుఫాను దక్షిణాన నిజాంపట్నం వైపు గట్టెక్కితే నీరు దివిసీమను ముంచింది. పదివేల మంది దాకా పోయారు.

అయితే ఆయన సూత్రంలో ఒక లోపం ఉన్నది. రేకు మీద వలయాలు పూర్తి గుండ్రంగా గీశాడు. నిజానికి గాలి చుట్టు తిరుగుతూ లోపలికి కూడా లాగబడుతుంది. అందుచేత కేంద్రం చాపిన చేతికి సరిగ్గా నేరుగా కాక కొంచెం వెనగ్గా ఉంటుంది. ఆ తరువాతి వారు, ముఖ్యంగా మారిషస్‌లో పనిచేసిన మెల్‌డ్రమ్, ఈ సంగతి నిరూపించి సవరించారు. ఆ తేడాతో నష్టపోయిన ఓడలు లేకపోలేదు.

1853లో ఆయన గవర్నరు జనరల్ డల్‌హౌసీకి రాసిన ఉత్తరం సంగతికి వస్తాను. హుగ్లీ నది పూడిపోతున్నదనీ, కలకత్తా రేవు ఎన్నాళ్ళో ఉండదనీ అప్పట్లో భయం పట్టుకున్నది. దక్షిణాన సుందర్‌బన్స్ అంచున మాతలా నది లోతుగా ఉన్నది కనుక అక్కడ కొత్త రేవు, కొత్త పట్నం కడదామని ఆలోచన. వర్తకులకు ఉత్సాహం, అధికారులకు ఉత్సాహం. పిడింగ్టన్ ఒక్కడే అడ్డం చెప్పాడు. కోరింగలో ఏమైందో, ఇతర చోట్ల ఏమైందో వివరించి, అంత పల్లపు నేలలో సముద్రానికి ఎదురుగా పట్నం కడితే, ఏదో ఒకనాటి తుఫానులో ఉప్పునీటి గోడ దొర్లుకుంటూ వచ్చి అయిదు మొదలు పదిహేను అడుగుల లోతున ముంచుతుందని స్పష్టంగా రాశాడు. రాసి ఊరుకోలేదు, అచ్చు వేయించాడు.

అది జరగలేదు. ఆయనకు హోదా ఉన్నది గాని పలుకుబడి లేదు. ఎప్పుడు చూసినా తుఫానులే మాట్లాడే పిచ్చివాడని అనుకుని ఉంటారు. మనలో పాతవారికి ఎల్.డిస్. అంటే తెలుసు. ఏ చర్యా లేకుండా కాగితాన్ని భద్రంగా కట్టిపెట్టడం. ఆ ఉత్తరానికి పట్టిన గతి కూడా దాదాపు అంతే. నా సర్వీసులో, పేరు చెప్పడం ఉచితం కాని ఒక కార్యాలయంలో, తుఫాను హెచ్చరిక తంతి వస్తే దాన్ని తపాలు ప్యాడులో పెట్టి, క్యాంపుకు పోయిన అధికారి పొట్టి సంతకం కోసం ఒక రాత్రీ పగలూ ఉంచారు. దేవుడి దయవల్ల ఆ తుఫాను ఒరిస్సా వైపు మళ్ళింది. తంతి మీద మాత్రం తేదీ, నంబరు, పొట్టి సంతకం అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

పిడింగ్టన్ 1858 ఏప్రిల్ 7న కలకత్తాలో కన్నుమూశాడు. 61 ఏళ్ళు. ఇంకా సిపాయిల తిరుగుబాటు పూర్తిగా చల్లారని రోజులు. తుఫానుల పెద్దమనిషి పోయినది పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండి ఉండదు.

ఆయన పోయిన ఆరేళ్ళకు, 1864 అక్టోబరు 5న, కలకత్తా మీద పెద్ద తుఫాను పడింది. ఉప్పెన హుగ్లీ వెంట ఎగదన్ని వచ్చి, రేవులో ఉన్న ఓడలను గుట్టలుగా పేర్చింది. నదికి అటూ ఇటూ అర లక్షకు పైగా జనం పోయారు. ఆ నెల తిరగకుండా నవంబరు 1న రాత్రి మన బందరు మీద మరొకటి. పదమూడు అడుగుల నీరు వచ్చి, ఒక్క రాత్రిలో 30 వేల మందిని తీసుకుపోయింది. బందరు కోట దగ్గర ఇప్పటికీ పెద్దలు ఆ సంగతి చెప్పుకుంటారు. ఈ దెబ్బలు తిన్న తరువాతనే ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో దేశమంతటికీ ఒక వాతావరణ శాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధికారి అయ్యాడు. తంతి తీగెలు వచ్చాయి గనుక, తుఫాను పోయాక లెక్క కట్టడం కాకుండా, రాకముందే చెప్పడం మొదలైంది.

మాతలా ఒడ్డున మాత్రం రేవు కట్టారు. డల్‌హౌసీ తరువాత వచ్చిన లార్డ్ కానింగ్ పేరు దానికి పెట్టారు. జెట్టీలు, గిడ్డంగులు, హోటలు, కలకత్తా నుంచి రైలు మార్గం అన్నీ వచ్చాయి. 1865లో కంపెనీ పెట్టి వాటాలు అమ్మితే జనం ఎగబడి కొన్నారు. 1867 నవంబరు 1న తుఫాను వచ్చింది. బందరు మునిగిన తేదీయే, మూడేళ్ళ తరువాత. ఇది అంత పెద్ద తుఫానూ కాదు, నీరు ఆరడుగులకు మించలేదు. రైలు స్టేషనూ, సరుకుల షెడ్లూ, హోటలూ పడిపోయాయి. వాటాల ధర అప్పటికే పడిపోయింది. ఆ తరువాత నాలుగైదు ఏళ్ళలో రేవు మూసివేశారు.

ఊరికి పేరు మాత్రం కానింగ్ అనే నిలిచింది. కలకత్తా సియాల్దా స్టేషను నుంచి అక్కడికి లోకల్ రైళ్ళు నడుస్తాయి. సుందర్‌బన్స్ చూడబోయే యాత్రికులు అక్కడ దిగి ముందుకు పోతారు.